తిరుగు టపాలో వచ్చిన కుందేలు

1893వ సంవత్సరం సెప్టెంబరు 4వ తేదీన స్కాట్లండులోని డంకెల్డు అనే ఊరినుండి ఒక ఉత్తరం బయలుదేరింది. వ్రాసిన ఆమె బియాట్రిక్స్ పాటర్. అప్పటికి ఆమె వయస్సు ఇరవైయేడు సంవత్సరాలు. అందుకోవలసినవాడు నోయెల్ మూర్ అనే ఐదేండ్ల పసివాడు. ఒకప్పుడు ఆమెకు ఇంటిలో చదువు చెప్పిన ఉపాధ్యాయురాలి పెద్దకొడుకు. బాలుడు జబ్బుపడి ఉన్నాడు. అటువంటి పిల్లవానికి పెద్దలు వ్రాయగల మాటలు ఎన్ని ఉంటాయి? వేళకు మందు పుచ్చుకొమ్మనీ, అమ్మ మాట వినుమనీ చెప్పడంతో ఉత్తరం ముగుస్తుంది. పాటర్ ఆ దారిన పోలేదు. నాలుగు కుందేలుపిల్లల కథ చెప్పింది. మాటల నడుమ ఖాళీ విడిచి, కలంతోనే బొమ్మలు గీసింది. తల్లి వద్దన్న తోటలోనికి దూరి, కడుపునిండా తిని, తోటవాని కంటబడి, కోటూ చెప్పులూ పోగొట్టుకొని, చావు తప్పి కన్ను లొట్టపోయినట్లు ఇల్లు చేరిన ఒక అల్లరి కుందేలు కథ అది. ఆ కుందేలు పేరు పీటర్.

ఆ ఉత్తరాన్ని బాలుడు పారవేయలేదు. దాచుకున్నాడు. ఏడేండ్ల తరువాత, ఈ కథను పుస్తకంగా చేస్తే బాగుండునని పాటర్‌కు తోచినప్పుడు, ఉత్తరం ఇంకా ఉన్నదా అని అతనినే అడగవలసి వచ్చింది. ఉన్నది. ఆమె దానిని ఎరువు తెచ్చుకొని నకలు వ్రాసుకున్నది. కథను పెంచింది, బొమ్మలు మళ్ళీ గీసింది. పిల్లల పుస్తకాల చరిత్రలో ఎన్నటికీ మరువరాని ఒక వ్రాతప్రతి ఈ విధంగా సిద్ధమైంది.

ఆపైన అది ప్రచురణకర్తల గుమ్మాలు ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కిన ప్రతి గుమ్మమూ దిగి వచ్చింది.

కనీసం ఆరు సంస్థలు ఆ పుస్తకాన్ని కాదన్నవి. ఒకరికి పుస్తకం ఇంకా పెద్దదిగా, ఇంకా ఎక్కువ వెలకు ఉండాలనిపించింది. మరొకరికి రంగుల బొమ్మలు లేకపోవడం లోపంగా కనిపించింది. పాటర్ ఉద్దేశం వేరు. చిన్న చేతులు పట్టుకోగలిగినంత చిన్న పుస్తకం కావాలి. చిన్నవాళ్ళ కోసం పెద్దవాళ్ళు సులభంగా కొనగలిగినంత తక్కువ వెల ఉండాలి. చివరకు ఆమె తన సొమ్మే పెట్టి 1901 డిసెంబరులో 250 ప్రతులు అచ్చువేయించింది. అవి స్నేహితులకూ బంధువులకూ చేరి, రెండు నెలలు తిరగకముందే మరి 200 ప్రతులు అచ్చువేయవలసి వచ్చింది.

ఇంతలో ఆమె మేలు కోరిన కానన్ రాన్స్‌లీ అనే మతాచార్యుడు ఒక సాహసం చేశాడు. కథ పద్యంలో ఉంటే ప్రచురణకర్త మనస్సు కరుగుతుందని భావించి, దానినంతా అంత్యప్రాసలతో పద్యాలుగా తిరగవ్రాసి ఫ్రెడరిక్ వార్న్ సంస్థకు పంపాడు. వార్న్ సంస్థవారు పద్యాలు వద్దన్నారు. సాదా వచనమే కావాలన్నారు. బొమ్మలన్నిటికీ రంగులు వేయుమన్నారు. కవిత్వాభిమానులకు ఈ ముక్క కొంచెం కష్టంగా తోచవచ్చును. కాని పసివాని కోసం పుట్టిన మాటల తీరును, అవి పుట్టిన తీరులోనే గుర్తుపట్టిన సంపాదకుని చెవిని మెచ్చుకొనక తప్పదు. 1902 అక్టోబరులో పుస్తకం వెలువడింది. మొదటి ముద్రణ 8000 ప్రతులు విడుదలకు ముందే చెల్లిపోయినవి. ఆ పుస్తకం నేటికీ అచ్చవుతూనే ఉన్నది.

పట్టూ విడుపూ

ఈ కథను చాలామంది ఒక నీతివాక్యంతో ముగిస్తారు: పట్టుదల ఉంటే జయం కలుగుతుంది, నవ్విన నాపచేనే పండుతుంది అని. మాట నిజమే, కాని సగం నిజం. నవ్విన చేలన్నీ పండవు. తిరిగివచ్చిన వ్రాతప్రతులన్నీ రత్నాలు కావు. పండని చేల సంగతి చరిత్రలో వ్రాయరు గనుక మనకు తెలియదు, అంతే. క్రొత్తగా వ్రాయబూనిన యువకునికి ఈ సగం నిజాన్నే చెప్పి ఉత్సాహపరిస్తే, అతడు లోపాన్ని కూడా పట్టుదల అనే పేరుతో పెంచుకుంటాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ ముద్దు తప్పు కాదు. కాని సంపాదకుడు కాకి కాడు.

పాటర్ చేసిన పనిని జాగ్రత్తగా చూచినవారికి ఒక సంగతి తెలుస్తుంది. ఆమె అన్నింటినీ పట్టుకొని కూర్చోలేదు, అన్నింటినీ వదలుకోనూలేదు. నలుపు తెలుపు రేఖాచిత్రాలు చాలుననుకున్న మనిషి రంగులకు ఒప్పుకున్నది. బొమ్మల సంఖ్య తగ్గించుకున్నది. పుస్తకం చిన్నదిగా, చౌకగా ఉండాలన్న మాట మాత్రం విడువలేదు. ఏది విడువవచ్చునో, ఏది విడువరాదో ఆమెకు ఎట్లా తెలిసింది? కథ మొదట ఎవరికోసం వ్రాసిందో ఆమె మరువలేదు గనుక. మంచంమీద పడుకొని పుస్తకం పట్టుకొనే పిల్లవానికి రంగువల్ల నష్టం లేదు. పెద్ద పుస్తకంవల్ల మాత్రం చేతులు నొప్పిపుడతాయి. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఆరుగురు ప్రచురణకర్తల తీర్పుకంటె ముందు ఏడేండ్లపాటు ఒక పిల్లవాడు తన తీర్పు ఇచ్చే ఉన్నాడు. ఉత్తరం దాచుకోవడమే ఆ తీర్పు.

నిరాకరణలో మంచి సలహా దాగి ఉండవచ్చునని ఇంకొక ఉదాహరణ చెబుతుంది. ఎరిక్ కార్ల్ అనే అమెరికా చిత్రకారుడు ఒకనాడు కాగితాల దొంతరకు రంధ్రాలు పొడుస్తూ ఉండగా పుస్తకాల పురుగు గుర్తుకు వచ్చింది. విల్లీ అనే పచ్చని పురుగు వారంరోజులపాటు పుటలను తొలుచుకుంటూ పోయే కథ అల్లాడు. సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్‌కు రంధ్రాలు నచ్చినవి. పురుగు మాత్రం నచ్చలేదు. దానికి బదులు గొంగళిపురుగు అయితే ఎట్లా ఉంటుందని ఆమె అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో కార్ల్‌కు సీతాకోకచిలుక కనిపించింది. కథకు ముగింపు దొరికింది. 1969లో వెలువడిన "మహా ఆకలిగొన్న గొంగళిపురుగు" లోకమంతటా పిల్లలకు చుట్టమైంది. తన పురుగే గొప్పదని ఆయన మొండికి వేసి ఉంటే ఆ పురుగు పురుగుగానే మిగిలిపోయేది.

అదృష్టం పాలు కూడా కొంత ఉంటుందని ఒప్పుకోవాలి. డాక్టర్ స్యూస్ అనే కలంపేరుతో ప్రసిద్ధికెక్కిన థియొడోర్ గైజెల్ తన మొదటి పిల్లల పుస్తకాన్ని ఇరవైమందికి పైగా ప్రచురణకర్తలకు చూపించి కాదనిపించుకున్నాడు. వ్రాతప్రతి చంకన పెట్టుకొని న్యూయార్కులోని మాడిసన్ వీథిలో పోతూ ఉండగా కళాశాలలో తనతో చదివిన మిత్రుడు మైక్ మక్లింటాక్ ఎదురుపడ్డాడు. వాన్‌గార్డ్ అనే ప్రచురణ సంస్థలో పిల్లల పుస్తకాల సంపాదకుడుగా అతడు చేరినది ఆనాడే. 1937లో పుస్తకం వెలువడింది. ఎదురుపడడం అదృష్టమే. కాని ఎదురుపడిన వేళకు చంకలో వ్రాతప్రతి ఉండడం అదృష్టం కాదు.

ఈ పుస్తకానికి మరొక అధ్యాయం ఉన్నది. ఇందులోని ఒక బొమ్మ కొన్ని జాతుల ప్రజలను కించపరిచే రీతిలో ఉన్నదని పెరిగిన విమర్శను మన్నించి, 2021లో గ్రంథకర్త పుస్తకాల హక్కులు గల సంస్థే దీని ప్రచురణను, మరి ఐదు పుస్తకాల ప్రచురణతోపాటు, నిలిపివేసింది. ఇరవైమంది కాదనడం తుది తీర్పు కాకపోయినట్లే, ఎనభైనాలుగేండ్లు అచ్చులో ఉండడమూ తుది తీర్పు కాలేదు. పిల్లల పుస్తకం ప్రతి తరంలోనూ మళ్ళీ పరీక్షకు కూర్చుంటుంది.

బొమ్మ చెప్పినది మాట చెప్పరాదు

బొమ్మల పుస్తకం చూపుకు చిన్నది, పనికి పెద్దది. సాధారణంగా దానికి 32 పుటలు. అచ్చుయంత్రం మీద పెద్ద కాగితాన్ని మడిస్తే పుటలు ఎనిమిదీ పదహారూ లెక్కన వస్తాయి గనుక ఈ కట్టుబాటు ఏర్పడింది. ముఖపత్రానికీ ప్రచురణ వివరాలకూ పోగా కథకు మిగిలేవి పదమూడు పదునాలుగు జంటపుటలు. అంతలోనే ఎత్తుగడ, చిక్కు, విడుపు ఇమడాలి. పుట త్రిప్పే ప్రతిచోటా, తరువాత ఏమవుతుందోనన్న ఆతురత పిల్లవాని వ్రేలిని లాగాలి.

తిరిగివచ్చే వ్రాతప్రతులలో చాలా భాగం ఈ పనితీరు తెలియక తిరిగివస్తాయి. ఎర్రని గౌను వేసుకొని రెండు జడలతో ఉన్న పాప ఒకనాటి ఉదయం పచ్చని పొలంగట్టు మీద నడుస్తూ ఉన్నది అని రచయిత వ్రాస్తాడు. గౌను, జడలు, గట్టు, ఉదయం అన్నీ బొమ్మలో కనబడుతూనే ఉంటాయి. మాట చెప్పవలసినది బొమ్మ చెప్పలేనిదానిని: పాప ఎవరికోసం పోతున్నది, గుప్పిట మూసి ఉంచినది ఎందుకు? కథ చివర నీతి తగిలించడం రెండవ దోషం. కుందేలుపిల్ల తోటలో దూరి పట్టుబడబోయిన తరువాత, తల్లి మాట వినవలెనని వేరే చెప్పనక్కరలేదు; ఆ గుండెదడ పిల్లవానికి అంటుకొనే ఉంటుంది. మూడవ కారణం రచయిత చేతిలో లేనిది. రంగుల ముద్రణ ఖర్చుతో కూడిన పని. ఏడాదికి కొద్ది పుస్తకాలు మాత్రమే తీసుకురాగల సంస్థ, ఒకే ఏనుగు మీద రెండు పుస్తకాలు వేయదు. ఆ సందర్భంలో ఏనుగు తప్పూ లేదు, రచయిత తప్పూ లేదు.

కనుక వ్రాతప్రతి తిరిగివచ్చిననాడు రచయిత వేసుకోవలసిన ప్రశ్న తనకు ప్రతిభ ఉన్నదా లేదా అన్నది కాదు. ఈ మూడు కారణాలలో ఇది ఏది అన్నది. మొదటి రెండూ అయితే దిద్దుకోవచ్చును. మూడవది అయితే మరొక చిరునామా వ్రాయవచ్చును. ఏ జవాబూ రానిచోట, ఆ మౌనంలోనుండి తనమీద నిందను వెదకి తీసుకోనక్కరలేదు.

పోటీలు నేర్పిన పాఠం

తెలుగువారికి బొమ్మకు మాట కూర్చే పోటీ క్రొత్తది కాదు. 1947 జూలైలో ఆరంభమైన "చందమామ" ఏండ్ల తరబడి ఫోటో వ్యాఖ్యల పోటీ నడిపింది. రెండు ఫోటోలు ప్రకటించేవారు. పాఠకులు రెండింటికీ వ్యాఖ్యలు వ్రాసి పంపాలి. వ్యాఖ్య రెండు మూడు మాటలకు మించరాదు. రెండు వ్యాఖ్యలకూ పరస్పర సంబంధం ఉండాలి. పత్రిక అచ్చు ఆగిపోయి సంవత్సరాలు గడిచినవి గాని, ఆ నియమంలో ఉన్న శిక్షణ పాతబడలేదు. బొమ్మలో ఉన్నదానిని మళ్ళీ చెప్పడానికి అక్కడ చోటు లేదు. ఒక బొమ్మనుండి మరొక బొమ్మకు మాట వంతెన వేయాలి. బొమ్మల పుస్తకపు కిటుకంతా అదే. ఆ పోటీలో గెలిచినవారి పేర్లు అచ్చయినవి. ఓడినవారి పేర్లు ఎవరికీ తెలియవు. కాని కార్డు వ్రాసిన ప్రతి పిల్లవాడూ మూడు మాటలలో ఏది ఉంచాలో, ఏది కొట్టివేయాలో ఆలోచించే తీరాలి. ఆ లాభానికి గెలుపు ఓటములు లేవు.

వ్యంగ్యచిత్రకారుడు శంకర్ పిళ్ళై 1949లో పిల్లల కోసం ఆరంభించిన పోటీ అనతికాలంలోనే అంతర్జాతీయ పోటీ అయింది. ఆయనే 1957లో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును స్థాపించాడు. పిల్లలచేత గీయించి వ్రాయిస్తే సరిపోదు, పిల్లలకోసం వ్రాసే పెద్దలు కూడా తయారు కావాలన్న భావంతో ఆ సంస్థ 1978లో రచయితలకు పోటీలు ప్రారంభించింది. నేషనల్ బుక్ ట్రస్టు తన నెహ్రూ బాల పుస్తకాలయం ద్వారా ఒకే పుస్తకాన్ని అవే బొమ్మలతో పలు భారతీయ భాషలలోకి, తెలుగులోకి కూడా, తెచ్చింది. సాహిత్య అకాడమీ 2010 నుండి బాలసాహిత్యానికి ప్రత్యేకంగా పురస్కారం ఇస్తున్నది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు కూడా ఎవరైనా వెల లేకుండ చదువుకోవచ్చును. పాటర్ 250 ప్రతులకోసం చేయి చాచి ఖర్చుపెట్టిన కాలానికీ నేటికీ ఇది గొప్ప అంతరం.

అయినప్పటికీ పోటీకి ఒక గుణమూ ఒక దోషమూ ఉన్నవి. గుణం గడువు. రేపు వ్రాద్దామన్న కథను గడువుతేదీ ఇవాళే వ్రాయిస్తుంది. పుటల లెక్క, మాటల లెక్క పెట్టి, కలం చేత కొలత నేర్పిస్తుంది. ముఖం చూడని పరీక్షకుడు చదువుతాడన్న ఎరుక, రచయితను తన మొగమాటంనుండి తప్పిస్తుంది. దోషం, బహుమతి మూడు పేర్లకే వస్తుంది. నలభైమంది వ్రాసిన తరగతిలో ముప్పైయేడుగురు ఇంటికి ఏమి పట్టుకొనిపోతారు?

ముప్పైయేడుగురి మాట

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు పరీక్షకులు కారు, ఉపాధ్యాయులు. పాఠశాలలో కథల పోటీ పెట్టడం సులభం. పోటీ ముగిసిన మరునాడే అసలు పని మొదలవుతుంది. బహుమతి రాని ప్రతి కాగితం మీదా రెండు వాక్యాలు వ్రాసి ఇస్తే చాలును: ఇందులో నిలిచే మాట ఏది, మారవలసిన చోటు ఏది. "బాగున్నది" అన్నది విమర్శ కాదు. "ఇంకా శ్రద్ధగా వ్రాయుము" అన్నదీ కాదు. "పిల్లి బావిలోనికి తొంగిచూచినచోట పుట ముగించి ఉంటే త్రిప్పడానికి తొందర కలిగేది" అన్నది విమర్శ. అది అందుకున్న పిల్లవాడు ఓడిపోయి ఇంటికి పోడు. పని పట్టుకొని ఇంటికి పోతాడు. ఒక్క వాక్యమైనా లేకుండా తిరిగివచ్చిన కాగితం వేరు. పన్నెండేండ్ల వయస్సులో అది చేతికి వచ్చినవాడు, తనకు వ్రాయడం రాదని అనుకుంటే ఆ మాటను యాభైయేండ్లు నమ్ముతాడు. ఆరు సంస్థలు కాదన్నా పాటర్ నిలిచింది. ఆమె వయస్సు అప్పటికి ముప్పైనాలుగు దాటింది. పసివాడు ఒక్క దెబ్బకు కలం క్రింద పెడతాడు.

ఖర్చు లేని ఒక ప్రయోగం ఏ బడిలోనైనా చేయవచ్చును. నాలుగు తెల్లకాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి నడిమికి మడిచి, దారంతో కుడితే పదహారు పుటల పుస్తకం అవుతుంది. పెద్ద తరగతి విద్యార్థి అందులో కథ వ్రాస్తాడు. బొమ్మలు తాను గీసినా సరే, ప్రక్కవాడు గీసినా సరే. ఆ తరువాత దానిని ఒకటవ తరగతికి తీసుకొనిపోయి చదివి వినిపించాలి. లోకంలో అంతకంటె నిర్మొగమాటమైన పరీక్షకుడు లేడు. ఒకటవ తరగతి పిల్లవాడు ముఖస్తుతి చేయడు. విసుగుపుడితే కిటికీవైపు చూస్తాడు, ప్రక్కవానిని గిల్లుతాడు. కిటికీవైపు చూచిన పుట నంబరు వ్రాసుకొని వచ్చి, ఆ పుటను మాత్రం తిరగవ్రాయాలి. పుస్తకం అయిపోగానే "అన్నా, మళ్ళీ చదువు" అన్నాడంటే, ఏ సంస్థా ఇవ్వలేని బహుమతి ఆ వ్రాసినవానికి దక్కినట్లే. మరుసటి ఏడు పోటీకి పంపేటప్పుడు ఆ వ్రాతప్రతి అనాథగా పోదు. వెనుక ఒక పాఠకుడు ఉంటాడు.

పంపవలసినదే. పోటీకి పంపవలసినదే, ప్రచురణకర్తకు పంపవలసినదే. తిరిగివస్తే దిద్ది మళ్ళీ పంపవలసినదే. అయితే పంపకముందు ఒక ప్రశ్న ఉన్నది: దీనిని ఏ ఒక్క పిల్లవాడైనా దాచుకుంటాడా? ఆ ప్రశ్నకు అవునన్న జవాబు సంపాదించినవారికి నిరాకరణ నొప్పి కలిగిస్తుంది గాని దారి తప్పించదు. వార్న్ సంస్థవారు పీటర్ కుందేలును 1902లో కనుగొన్నారని పుస్తక చరిత్ర చెబుతుంది. నోయెల్ మూర్ అనే ఐదేండ్ల పాఠకుడు దానిని అంతకు తొమ్మిదేండ్ల ముందే కనుగొని, భద్రంగా దాచిపెట్టాడు. అతడు ఆ కాగితాలను పారవేసి ఉంటే, నిరాకరించడానికి ఆ ఆరుగురికీ ఏమీ ఉండేది కాదు.